స్కీ బైండింగ్ వంకరగా బిగించారు, ఏం చేయాలి?

నమస్కారం. బెంగళూరులో ఉంటాను, జనవరిలో గుల్మార్గ్ వెళ్తున్నాను. మంచు మీద జారే నా కొత్త స్కీలకు, బూటును పట్టి ఉంచే బైండింగ్‌లు ఇక్కడి షాపులోనే బిగించారు. ఎడమ స్కీ మీద ముందు భాగం, మడమ భాగం ఒకే గీతలో లేవు, బూటు పక్కకి తిరిగి కూర్చుంటోంది. పైగా నా బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు ఏవీ అడగకుండానే డిన్ (ఎంత బలం పడితే బూటు విడివడాలో నిర్ణయించే సెట్టింగ్) సెట్ చేసేశారు! పడినప్పుడు బూటు విడివడకపోతే మోకాలి లిగమెంట్ తెగొచ్చు, అదే నా టెన్షన్.

షాపువాళ్లు మళ్లీ డ్రిల్ చేస్తామంటున్నారు. పాత రంధ్రాలను ఆనుకుని కొత్తవి వేస్తే స్కీ బలహీనపడదా? ఎపాక్సీ జిగురుతో పూడిస్తే సరిపోతుందా? నాకైతే స్కీలు మార్చి ఇవ్వడమే న్యాయం అనిపిస్తోంది. బిల్లు, ఫొటోలు ఉన్నాయి. ఇలాంటి విషయంలో 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఎవరైనా ఫిర్యాదు చేశారా? బైండింగ్ సరిగ్గా పరీక్షించగలవాళ్లు బెంగళూరులో గానీ గుల్మార్గ్‌లో గానీ తెలిస్తే దయచేసి చెప్పండి.