కార్బన్ మోనాక్సైడ్ పంపినా 430 పీక్ ఎందుకింత నిదానం?

ఆవు గుండె నుంచి తీసిన సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ (కణాల శ్వాసక్రియలో ఆక్సిజన్‌ని వాడుకునే ఎంజైమ్), పీహెచ్ 7.4, గది ఉష్ణోగ్రత. ఆక్సిజన్ తీసేసి డైథయోనైట్ (ఎలక్ట్రాన్లు ఇచ్చే రసాయనం) వేయగానే కాంతి శోషణలో 605 నానోమీటర్ల పీక్ లేస్తోంది, అంటే ఎంజైమ్‌లో ఇనుము ఉండే రెండు హీమ్‌లలో ఒకటైన హీమ్ ఏ రెడ్యూస్ అయినట్టే (ఎలక్ట్రాన్ అందుకున్నట్టే). కానీ కార్బన్ మోనాక్సైడ్ పంపాక, క్షణాల్లో రావాల్సిన మార్పు (430 దగ్గర పీక్, 445 దగ్గర లోయ) అరగంట పాటు తీరిగ్గా పెరుగుతూనే ఉంది.

కొత్త డైథయోనైట్ వాడాను, గ్యాస్ ఎక్కువసేపు పంపాను, క్యువెట్ (నమూనా పోసే చిన్న పాత్ర) మూత కూడా మార్చాను. తేడా లేదు. అదే గ్యాస్ కండరాల్లోని హీమ్ ప్రోటీన్ మయోగ్లోబిన్‌కి మాత్రం వెంటనే అంటుకుంటోంది, కాబట్టి పాపం సిలిండర్‌ని అనలేను.

ఈ గ్యాస్ పట్టుకునేది ఫెర్రస్ (రెడ్యూస్ అయిన) ఇనుమునే కదా, రెండో హీమ్ అయిన హీమ్ ఏ3 ఆలస్యంగా రెడ్యూస్ అవుతోందని నా అనుమానం. మొదట్లో సోరే పీక్ (హీమ్‌ల ప్రధాన శోషణ పీక్) 417 దగ్గర ఉంది, అది ఈ ఎంజైమ్ 'స్లో' రూపం (నిదానంగా స్పందించే రూపం) లక్షణమే.

గ్యాస్ పంపకముందే హీమ్ ఏ3 పూర్తిగా రెడ్యూస్ అయిందని స్పెక్ట్రమ్‌లో ఎలా నిర్ధారించుకోవాలి?