రాత్రి దద్దుర్లు, పొద్దున్నకి మాయం. ఏమిటిది?

ప్రశ్న:
నాలుగు రోజులుగా ఇదే వరస. రాత్రి పడుకోగానే నడుము చుట్టూ, బెల్టు నొక్కుకున్న చోట దురద మొదలవుతుంది. గోకితే గోకినంత మేరా ఎర్రటి చార లేచి ఉబ్బుతుంది. తెల్లారేసరికి మచ్చయినా ఉండదు. మర్నాడు తొడల మీద. డాక్టరుకి చూపిద్దామంటే ఒంటి మీద ఏమీ మిగలదు! కిందటి వారం నడుంనొప్పికి ఐబుప్రోఫెన్ వేసుకున్నాను. దానివల్లా?

జవాబు 1:
ఇలా చోటు మారుతూ, ఒక్కో దద్దు 24 గంటల్లోపే ఆనవాలు లేకుండా పోతోందంటే చాలావరకు అర్టికేరియానే (దురదతో ఉబ్బి లేచే దద్దుర్లకి వైద్యుల మాట). లేచినప్పుడే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ కొందరికి దద్దుర్లు తెప్పిస్తాయి, ఉన్నవాటిని పెంచుతాయి కూడా. ఆ సంగతి డాక్టరుకి తప్పక చెప్పండి. ఆరు వారాలు దాటితే దీర్ఘకాలికం అంటారు.

జవాబు 2:
నేను ఏడాది పడ్డాను ఈ బాధ. వేడినీళ్ల స్నానం ఆ నిమిషానికి హాయిగా ఉండేది, బయటికొచ్చాక ఒళ్లంతా చిమచిమ. చల్లటి తడిగుడ్డ పది నిమిషాలు వేసుకుంటే దురద తగ్గేది. బెల్టు మానేసి వదులు బట్టలు వేసుకోండి. నాకు డాక్టరు సెటిరిజిన్ అనే అలర్జీ మాత్ర ఇచ్చారు. బాగా పనిచేసింది కానీ మీటింగుల్లో కునుకు! తర్వాత ఫెక్సోఫెనడిన్‌కి మార్చారు.

జవాబు 3:
నాలుక, గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. దద్దు రోజు దాటినా అక్కడే ఉండి, నొప్పెట్టి, కమిలినట్టు మచ్చ వదిలితే అది వేరే కావచ్చు, చూపించుకోండి.

ప్రశ్న అడిగినవారు:
మచ్చల్లేవు, వాపు లేదు. బెల్టు తీసేశాను. ఫొటో కోసం రాత్రి ఒంటిగంటకి అద్దం ముందు నిలబడ్డాను, మా ఆవిడ దడుసుకుంది.