హిమోఫీలియా జన్యుచికిత్స: పిట్స్‌బర్గ్‌కు కొత్తగా వచ్చిన చిత్తూరు చెల్లికి

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో వైరాలజీ చదివి, పీహెచ్‌డీ ముగించి, ఈమధ్యే పిట్స్‌బర్గ్‌లో పోస్ట్‌డాక్‌గా చేరాను. ఏఏవీ (అడినో-అసోసియేటెడ్ వైరస్) అనే చిన్న వైరస్ ద్వారా మంచి జన్యువును కణాల్లోకి పంపి, రక్తం సరిగా గడ్డకట్టని పుట్టుజబ్బు హిమోఫీలియాకు జన్యుచికిత్స చేయడం మా ల్యాబ్ పని. ఫైజర్ 2025లో ఇదే తరహా జన్యుచికిత్స మందు బెక్వెజ్‌ను ఆపేసింది కాబట్టి ఈ రంగం అయిపోయిందని, క్యాన్సర్ వైపు మారమని తోటివాళ్లు అంటున్నారు. పెద్దవాళ్లు దారి చెప్పగలరు.

మొదటి జవాబు:

చెల్లీ, మాది తిరుపతి. రక్తం గడ్డకట్టే తీరు మీదే ఇన్నేళ్లూ పనిచేశాను. మారవద్దు.

నువ్వు దిగిన ఊరే ఏఏవీకి పుట్టిల్లు. 1965లో అడినోవైరస్ నమూనాల్లో కలిసిపోయి ఉన్న ఈ చిన్న వైరస్‌ను బయటపెట్టింది పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లే. ఇక ఎదురుదెబ్బలంటావా, ఈ రంగానికి అవి కొత్త కాదు. ఫిలడెల్ఫియాలో క్యాథరిన్ హై బృందం, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 9 అనే ప్రోటీన్ జన్యువును ఏఏవీతో కాలేయానికి పంపితే, రక్తంలో ఫ్యాక్టర్ పెరిగి, కొన్ని వారాల్లోనే పడిపోయింది. రోగి రోగనిరోధక కణాలు వైరస్ తొడుగును గుర్తుపట్టడమే కారణమని 2006లో ప్రకటించారు. ఆ పాఠం వల్లే 2011లో లండన్ బృందం, కాలేయ కణాలు దెబ్బతింటున్నట్టు చెప్పే ఎంజైములు పెరగగానే, రోగనిరోధక దాడిని అణిచే స్టెరాయిడ్లు ఇచ్చి ఫ్యాక్టర్‌ను నిలబెట్టుకోగలిగింది.

ఇప్పుడు అసలు సంగతి. వైరాలజీ నుంచి వచ్చినవాళ్లు వైరస్‌నే పట్టుకుని, రక్తాన్ని వేరేవాళ్లకు వదిలేస్తారు. నువ్వు అలా చేయకు. పాడువా రకం ఫ్యాక్టర్ 9 ఎలా దొరికిందో చూడు. ఇటలీలో కాలి సిరలో రక్తం గడ్డకట్టిన ఒక యువకుడిని పరీక్షించినవాళ్లకు, అతని ఫ్యాక్టర్ 9 మామూలు కన్నా దాదాపు ఎనిమిది రెట్లు చురుకుగా ఉందని తెలిసింది. అది 2009లో వెలువడింది. హెమ్‌జెనిక్స్ అనే జన్యుచికిత్స మందులో, ఆగిపోయిన బెక్వెజ్‌లో ఉన్నది ఆ జన్యువే.

అందుకని ముందు కోయాగ్యులేషన్ బల్ల, అంటే రక్తం గడ్డకట్టే తీరును పరీక్షించే చోట కూర్చో. రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ఉన్న నీలం మూత గొట్టంలో రక్తం గీత దాకా నిండాలి: తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్. నిండకపోతే సిట్రేట్ ఎక్కువై, రక్తం నిజానికన్నా ఆలస్యంగా గడ్డకట్టినట్టు చూపిస్తుంది. ఫ్రీజర్‌లోని ప్లాస్మాను (కణాలు తీసేసిన రక్తద్రవం) 37 డిగ్రీల నీళ్లలో త్వరగా కరిగించాలి. చల్లగా, నిదానంగా కరగనిస్తే ఫ్యాక్టర్ 8 (గడ్డకట్టడానికి కావలసిన మరో ప్రోటీన్) తెల్లటి మడ్డిలో అడుగుకు దిగిపోతుంది, పైన ప్లాస్మాలో కొలిచే అంకె తప్పుతుంది. ఇంకొకటి: ఒకే నమూనాకు, గడ్డకట్టే సమయాన్ని కొలిచే వన్-స్టేజ్ పరీక్ష ఒక అంకె చెబుతుంది, రంగు మార్పును కొలిచే క్రోమోజెనిక్ పరీక్ష మరొకటి చెబుతుంది. జన్యుచికిత్స పొందిన రోగుల రక్తంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ తేడా ఎందుకొచ్చిందో వివరించగలిగినవాళ్లకు, ఏ కంపెనీ తప్పుకున్నా పని దొరుకుతుంది.

తేలని ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఏఏవీ తెచ్చిన జన్యువు చాలావరకు క్రోమోజోముల్లో కలవదు. అందువల్ల ఎదిగే పిల్లల కాలేయంలో కణాలు విభజన చెందేకొద్దీ పలచబడుతుంది. ఒకసారి ఇచ్చాక వైరస్‌ను అడ్డుకునే ప్రతిదేహాలు (యాంటీబాడీలు) పుట్టి రెండో మోతాదుకు అడ్డుపడతాయి. ఫ్యాక్టర్ 8 జన్యువు ఇచ్చినవాళ్లలో, ఆ ఫ్యాక్టర్ స్థాయి కాలం గడిచేకొద్దీ తగ్గుతోంది. హెమ్‌జెనిక్స్ ధర 35 లక్షల డాలర్లు, మన దగ్గర ఎవరు కొనగలరు? కీలులో రక్తం కారి మోకాలు వాచి బడికి దూరమైన పిల్లవాడికి ఇది అందాలనే నాకు ఆరాటం.

ఆ పని మీ ఊరికి గంట ప్రయాణంలోనే మొదలైంది. వేలూరు సీఎంసీలో రోగి రక్త మూలకణాలను బయటికి తీసి, లెంటివైరస్‌ (జన్యువును క్రోమోజోముల్లో కలిపే మరో రకం వైరస్) తో ఫ్యాక్టర్ 8 జన్యువు చేర్చి తిరిగి ఎక్కించారు. 2024 డిసెంబరులో ప్రచురించిన ఫలితాల ప్రకారం, చికిత్స తర్వాత ఐదుగురిలో ఎవరికీ రక్తస్రావాలు లేవు. ముందుగా కీమో మందులు తప్పవు, అది చిన్న విషయం కాదు. ఆ వ్యాసం ఈ వారమే చదువు.

రెండో జవాబు:

అక్క చెప్పిందంతా నిజం. ఒక్కటి కలుపుతాను. జె-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్) వీసా మీద వచ్చి ఉంటే, రెండేళ్లు స్వదేశంలో ఉండాలనే నిబంధన మీకు వర్తిస్తుందో లేదో ఇప్పుడే తేల్చుకోండి. ఇల్లు దొరికేదాకా ఇబ్బందైతే రాయండి. పెన్‌హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడికి వచ్చే మనవాళ్లలో గది అద్దెకిచ్చేవాళ్లు నాకు తెలుసు.