బూలియన్ల మధ్య ఒక & చాలదా, రెండు (&&) ఎందుకు?

ప్రశ్న – మధురవాడ విద్యార్థి

అందరికీ నమస్కారం. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా విశాఖ సిటీ బస్సు పాసుల కోసం జావాలో ఒక చిన్న ప్రోగ్రాం రాస్తున్నాను. ప్రయాణికుడికి పాసు ఉన్నదా, దాని గడువు మిగిలి ఉన్నదా అనే రెండు షరతులూ నిజం కావాలి; వాటి మధ్య పొరపాటున ఒక్క & మాత్రమే పెట్టాను. కంపైలరు అభ్యంతరం చెప్పలేదు. నెల రోజులు సవ్యంగానే నడిచి, పాసు లేని ప్రయాణికుడి వివరాలు నిన్న ఇవ్వగానే నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌తో (లేని వస్తువును వాడబోతే వచ్చే లోపం) ఆగిపోయింది. బూలియన్‌కు సత్యం, అసత్యం తప్ప మూడో విలువ లేనప్పుడు రెండు గుర్తులకూ తేడా ఎలా వచ్చిందో వివరించగలరు.

జవాబు – రుషికొండ జావా ఉద్యోగి

వచ్చే విలువలో తేడా లేదు, అది వచ్చే తీరులో ఉంది. ఎడమవైపు షరతు అసత్యమని తేలితే && కుడివైపు షరతు జోలికే పోదు; & మాత్రం రెండింటినీ లెక్కగట్టి తీరుతుంది కనుక, మీ ప్రోగ్రాం లేని పాసును గడువు ఎంతని అడిగింది. జావాలో ఇది తప్పు రాత కాదు. బూలియన్ల మధ్య వచ్చే & ను కూడా ఆ భాషా నిర్దేశం లాజికల్ ఆపరేటరుగానే లెక్కిస్తుంది. ఫారంలో ఫోను నంబరు, పిన్‌కోడు రెండింటినీ తనిఖీ చేసి, తప్పులన్నీ ఒకేసారి చూపవలసి వస్తే అది పనికివస్తుంది కూడా. అయినా నేను అక్కడ రెండు ఫలితాలను ముందుగా వేరియబుల్స్‌లో పెట్టుకొని తరువాత && వాడతాను; లేకపోతే ఆరు నెలల తరువాత ఎవరో అచ్చుతప్పనుకొని ఇంకో & చేర్చి పోతారు.

జవాబు – గాజువాక నుంచి, సి వాడేవాడిని

పై మాట జావా వరకే. సి భాషలో సున్నా కానిదంతా సత్యమే కాబట్టి 1 && 2 విలువ 1 అయితే, & సంఖ్యలను బిట్ల (0, 1 అంకెల) వారీగా కలుపుతుంది కనుక 1 & 2 విలువ 0 అవుతుంది. పైగా అక్కడ == కంటే & ప్రాధాన్యం తక్కువ: x & 4 == 4 అని రాస్తే ముందు 4 == 4 తేలి, మిగిలేది x & 1. మొదట్లో && లేక షరతులను, బిట్లను కలిపే రెండు పనులూ & తోనే చేసేవారనీ, && వచ్చాక కూడా అప్పటికే రాసి ఉన్న ప్రోగ్రాములు చెడకూడదని ఆ వరుస మార్చలేదనీ సి సృష్టికర్త డెనిస్ రిచీయే చెప్పారు. బ్రాకెట్లకు పిసినారితనం చూపకండి.

మధురవాడ విద్యార్థి

ధన్యవాదాలు, && పెట్టగానే సరిపోయింది. ఇంకొక చోట x = x & y కు పొట్టిరూపమైన &= వాడాను; జావాలో &&= ఉన్నదా?

రుషికొండ జావా ఉద్యోగి

లేదు. x = x && తనిఖీ() అని విడదీసి రాయండి. x ఎడమవైపే ఉండాలి, తారుమారు చేస్తే తనిఖీ ప్రతిసారీ నడుస్తుంది.