అరుదైన అడవి పువ్వు ఫొటో పెడితే లొకేషన్ కూడా చెప్పాలా, దాచాలా?

ట్రైల్_నడక:
ఈ గొడవ చాలా చోట్ల నడుస్తోంది కాబట్టి ఇక్కడ తెగేదాకా మాట్లాడుకుందాం. ఎవరో నేచర్ ట్రైల్ పక్కన పూసిన నేల ఆర్కిడ్ ఫొటో పెడతారు, వెంటనే కింద "ఎక్కడండీ", "పిన్ (మ్యాప్‌లో ఆ చోటి గుర్తు) పంపండి" అని వరస కడతారు, ఆయన చెప్పనంటే స్వార్థం అంటారు, చెప్తే ఇంకో పదిమంది వచ్చి మొక్కని చంపేశావ్ అంటారు. నా మాట ముందే చెప్పేస్తున్నా. మామూలు పూలకి లొకేషన్ పెట్టండి, తప్పేం లేదు. అరుదైన మొక్క అయితే పేరు చెప్పండి, ఏ నెలలో పూసిందో చెప్పండి, గడ్డి నేలా రాతి పగులా నీడపట్టా అన్నది చెప్పండి, ఆ పాయింట్ మాత్రం బయటపెట్టకండి.

ఎందుకంటే మొక్క ఎక్కడికీ పోలేదు. పిట్ట అయితే మనుషుల అలికిడికి ఎగిరిపోతుంది, మొక్క ఈ వారం ఎక్కడుందో వచ్చే ఏడూ అక్కడే ఉంటుంది, ఒకసారి పిన్ బయటికొచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరం కాదు. ఆర్కిడ్ల సంగతే తీసుకోండి. వాటి విత్తనం పొడిలా ఉంటుంది, లోపల మొలకకి కావాల్సిన తిండే ఉండదు, మట్టిలో ఒక రకం ఫంగస్ దొరికి అది తిండి అందిస్తేనే మొలుస్తుంది. పెద్దయ్యాక కూడా చాలా నేల ఆర్కిడ్లు ఆ ఫంగస్‌ని వదల్లేవు. అందుకే ముచ్చటపడి తవ్వుకెళ్ళినవాళ్ళ దగ్గర చాలా వరకు బతకవు, అక్కడా ఉండదు ఇక్కడా ఉండదు. వియత్నాంలో పాఫియోపెడిలమ్ వియత్నామెన్స్ అనే ఆర్కిడ్‌కి 1999లో శాస్త్రీయంగా పేరు పెట్టారు, ఆ తర్వాత కొన్నేళ్ళకే అడవిలో దాన్ని దాదాపు ఊడ్చేశారు. కొత్త మొక్క దొరికింది అన్న వార్తే దాని ప్రాణం మీదికి తెచ్చింది.

ఇంకోవైపు ఇంగ్లాండ్‌లో లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్ పూర్తిగా పోయిందనుకున్నాక 1930లో యార్క్‌షైర్‌లో ఒకే ఒక్క మొక్క కనబడింది. చోటు బయటికి పొక్కనీకుండా దశాబ్దాలపాటు కాపలా కాశారు. అది ఈరోజుకీ ఉందంటే ఆ నోరు మూసుకున్న కొద్దిమంది వల్లే.

మాక్రో_లెన్స్:
నడక గారూ మీరు చెప్పిన ఆ కథలో సగమే చెప్పారు. ఆ ఒక్క మొక్క నుంచి విత్తనాలు తీసి లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే పెద్ద వృక్షశాస్త్ర ఉద్యానం వాళ్ళు ల్యాబ్‌లో మొలకలు పెంచారు, వాటిని వేరే చోట్ల నాటారు, అందులో లాంకషైర్‌లో గేట్ బారోస్ అనే చోట జనం వెళ్ళి చూసేలా ఏర్పాటు కూడా చేశారు. అంటే దాన్ని బతికించింది దాచడం ఒక్కటే కాదు, నలుగురికీ చూపించడం కూడా అందులో భాగమే.

నాకు ఈ దాచడం అనే పద్ధతి మీదే అభ్యంతరం. దాచేవాళ్ళు నిజంగా దాస్తారా? వాళ్ళలో వాళ్ళు చెప్పుకుంటారు. సీనియర్ ఇంకో సీనియర్‌కి పిన్ పంపుతాడు, కొత్తగా వచ్చిన పిల్లలకి మాత్రం నీతులు చెప్తాడు. పదేళ్ళు పోతే ఆ మొక్కలు గుర్తుపట్టగలిగేవాళ్ళు ఓ పదిమంది మిగులుతారు, వాళ్ళ తర్వాత ఎవరూ ఉండరు.

పైగా మొక్కల్ని చంపేది ఫొటోలు తీసేవాళ్ళు అన్నట్టు మాట్లాడుతున్నారు. ట్రైల్ వెడల్పు చేయడానికి వచ్చిన మెషీన్, పూత టైంలో గడ్డి కోసే వాళ్ళు, కలుపుమందు, పక్కనుంచి దూసుకొచ్చే పిచ్చి మొక్కలు, వీటివల్ల పోయేది ఎంతో లెక్కే లేదు, ఎందుకంటే అక్కడ ఏముందో ఎవరికీ తెలీదు. ఎవరికీ తెలియని మొక్కని ఎవరు కాపాడతారు చెప్పండి. ఫలానా మలుపు దగ్గర ఇది పూస్తుంది, కాయ రాలేదాకా కొయ్యకండి అని ట్రైల్ చూసుకునేవాళ్ళకి చెప్పాలంటే ముందు ఆ మలుపు రికార్డులో ఉండాలి కదా.

హెర్బేరియం_షీట్:
నేను బోటనీ చెప్తా కాబట్టి ఒక్క విషయం కలుపుతా. మీ ఇద్దరి వాదనా శాస్త్రవేత్తల మధ్య కూడా జరిగింది. 2017లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో డేవిడ్ లిండెన్‌మేయర్, బెన్ షీలే అనే ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు, అరుదైన జీవుల కచ్చితమైన లొకేషన్లు ప్రచురించడం ఆపండి, దొంగలు ఆ పేపర్లు చదివే వెళ్తున్నారు అని రాశారు. దానికి జవాబుగా వేరే పరిశోధకులు అదే పత్రికలో, డేటా మూసేస్తే రక్షణే ఆగిపోతుంది, బయటపెట్టండి కానీ బాధ్యతగా పెట్టండి అన్నారు. అంటే ఇది తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ మధ్య తగువు కాదు, మొక్కల మీద ప్రేమ ఉన్నవాళ్ళే రెండు వైపులా ఉన్నారు.

మధ్యలో దారి ఇప్పటికే ఉంది, చాలామంది వాడట్లేదు. ఐనాచురలిస్ట్ అని, ఎవరైనా తాము చూసిన మొక్కలూ జంతువులూ ఫొటోతో నమోదు చేసే యాప్ ఉంది, అందులో ప్రమాదంలో ఉన్న జాతి అని నమోదైతే లొకేషన్ దానంతట అదే మసకబారుతుంది. బయటివాళ్ళకి అసలు పాయింట్ కాకుండా 0.2 డిగ్రీల పొడవు 0.2 డిగ్రీల వెడల్పు ఉన్న గడిలో ఎక్కడో ఒక చుక్క కనబడుతుంది. భూమధ్యరేఖ దగ్గర అది సుమారు 22 కిలోమీటర్లకి 22 కిలోమీటర్లు. తేదీ కూడా పూర్తిగా కనబడదు, నెల వరకే. కచ్చితమైన పాయింట్ లోపల భద్రంగా ఉంటుంది, నమ్మకమైన పరిశోధకులకి మీరే అనుమతి ఇవ్వచ్చు. లిస్టులో లేని మొక్క అయినా మీకు అనుమానం ఉంటే మీరే మసక పెట్టచ్చు. కాబట్టి రికార్డు చేయడం వేరు, ఊరందరికీ చాటడం వేరు, ఈ రెండిటినీ ఒకే మూటలో కట్టేసి కొట్టుకుంటున్నాం మనం.

కొండదారి:
అందరూ తవ్వుకెళ్ళే దొంగల గురించే మాట్లాడుతున్నారు. నేను చూసినంతలో ఎక్కువ నష్టం మంచివాళ్ళ పాదాల వల్ల. కాలిఫోర్నియాలో లేక్ ఎల్సినోర్ దగ్గర వాకర్ కాన్యన్‌లో 2019 మార్చిలో నారింజ రంగు పాపీ పూలు కొండంతా విరగబూశాయి, ఫొటోలు సోషల్ మీడియాలో తిరిగేసరికి ఆ చిన్న ఊరు తట్టుకోలేనంత జనం వచ్చిపడ్డారు, దారి వదిలి పూల మధ్యలో కూర్చుని పడుకుని ఫొటోలు తీసుకున్నారు, చివరికి కొన్నాళ్ళు దారులు మూసేయాల్సి వచ్చింది. 2023లో మళ్ళీ పూత బాగా వస్తుందనగానే ముందుగానే మూసేశారు. అవి అరుదైన పూలు కూడా కాదండీ, ఆ రాష్ట్ర పుష్పమే. లొకేషన్ దాచడం అరుదైన వాటికే చాలు అనేవాళ్ళు ఇది ఆలోచించాలి.

ఇంకోటి, అసలు ఎవరూ మాట్లాడనిది. ఫొటోగ్రాఫర్లు "గార్డెనింగ్" అంటారే, పువ్వు చుట్టూ గడ్డి పీకేసి, అడ్డొచ్చిన కొమ్మ విరిచేసి, బ్యాక్‌గ్రౌండ్ నున్నగా రావాలని నేల శుభ్రం చేయడం. దగ్గరగా కూర్చుని చూడండి అక్కడ ఏం జరుగుతుందో. ఆ గడ్డి పువ్వుకి నీడ, తేమ, ఆసరా. దాన్ని పీకగానే సన్నటి కాడ గాలికి ఒరిగిపోతుంది, అంతవరకు గడ్డిలో కనబడని పువ్వు మేసే జంతువుకి నేరుగా కనబడుతుంది. ఇంకా ఘోరం ఏంటంటే పువ్వు పక్కనే నేలకి అతుక్కుని రెండు మూడు ఆకులు ఉంటాయి, చూడ్డానికి ఏదో కలుపులా ఉంటాయి, అవి అదే జాతి పిల్ల మొక్కలు, పూత వయసు ఇంకా రానివి. మోచేతులు ఆనించి పడుకుని మాక్రో (బాగా దగ్గరనుంచి తీసే ఫొటో) తీస్తున్నప్పుడు మన ఛాతీ కింద నలిగేవి అవే. పువ్వు బాగానే ఉంది కదా అని లేచి వెళ్ళిపోతాం. తర్వాత వచ్చేవాడికి అప్పటికే చదునైన చోటు రెడీగా కనబడుతుంది, వాడూ అక్కడే పడుకుంటాడు, అలా ఒక సీజన్‌లో అక్కడ మట్టి గట్టిపడిపోతుంది, నీళ్ళు ఇంకవు, కొత్తది మొలవదు. లొకేషన్ చెప్పినా చెప్పకపోయినా ఈ అలవాటు మానకపోతే ఒకటే.

మాక్రో_లెన్స్:
గార్డెనింగ్ విషయంలో కొండదారి గారితో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తా. గడ్డి పోచ అడ్డొస్తే వేలితో పక్కకి వంచి పట్టుకోండి, క్లిక్ అయ్యాక వదిలేయండి, అది మళ్ళీ తన చోటికి వస్తుంది. దారి మీద నిలబడి 100 ఎంఎం పైన ఉన్న లెన్స్‌తో తీస్తే దిగాల్సిన అవసరమే చాలాసార్లు ఉండదు, బ్యాక్‌గ్రౌండ్ కూడా దానంతట అదే మసకవుతుంది, దానికోసం నేల చదును చేయక్కర్లేదు.

కానీ వాకర్ కాన్యన్ నుంచి నేను తీసుకునే పాఠం వేరు. అక్కడ జనానికి తెలియడం సమస్య కాదు, తెలిసిన జనానికి ఏర్పాటు లేకపోవడం సమస్య. మహారాష్ట్రలో కాస్ పఠార్ చూడండి, అందరికీ తెలిసిన పూల మైదానం, 2012లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వెళ్ళిన పడమటి కనుమల చోట్లలో అదొకటి. అక్కడ పూల సీజన్‌లో రోజుకి ఇంతమందే అని పరిమితి పెట్టారు, ముందే బుక్ చేసుకుని వెళ్ళాలి. తెలిసిన చోటు కాబట్టే ఆ నియమాలు వచ్చాయి. ఎవరికీ చెప్పకుండా ఉంచి ఉంటే ఆ పీఠభూమిని ఉత్త రాతి నేల అనుకుని ఏం చేసేవారో.

ఇంకో ప్రశ్న. అరుదు అని ఎవరు తేలుస్తారు? ఈ లోయలో అరుదైనది పక్క లోయలో రాశులుగా ఉండచ్చు. ఎవరికి వాళ్ళు అరుదు అనేసుకుంటే అన్నీ దాచేస్తారు.

ట్రైల్_నడక:
మంచి ప్రశ్న, తప్పించుకోను. రెడ్ లిస్ట్‌లో (అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల అంతర్జాతీయ జాబితా) ఉందా, స్థానిక అటవీ శాఖ రక్షిత జాబితాలో ఉందా, తవ్వుకుపోయే అలవాటున్న జాతా (ఆర్కిడ్లు, కీటకాల్ని తినే మొక్కలు, మందపాటి ఆకుల్లో కాడల్లో నీళ్ళు దాచుకునే సక్యులెంట్లు, దుంప మొక్కలు), ఆ చోట ఎన్ని మొక్కలున్నాయి, ఈ నాలుగూ చూస్తే చాలు. ఆర్కిడ్ కుటుంబం మొత్తం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ కిందే ఉంది, ఊరికే పెట్టలేదు కదా. అనుమానం ఉంటే దాచండి, ఎందుకంటే దాచింది ఎప్పుడైనా చెప్పచ్చు, చెప్పింది దాచలేం.

కాస్ లాంటి చోటుకి కాపలా ఉంది, గేటు ఉంది, మనుషులున్నారు, ఒప్పుకుంటా. కానీ మనం మాట్లాడుతున్న ట్రైల్‌కి ఏముంది? ఒక బోర్డు, అది కూడా సగం చెరిగిపోయినది. ఏర్పాటు ముందు రావాలి, పిన్ తర్వాత రావాలి. మీరు చెప్పే వరసలో పిన్ ముందొస్తుంది, ఏర్పాటు వచ్చేలోపు మొక్క పోతుంది.

దాచడం సరిపోదని కూడా నాకు తెలుసు. ఆస్ట్రేలియాలోని వాలెమై పైన్ అనే అరుదైన చెట్టు సంగతి చూడండి. 1994లో డేవిడ్ నోబుల్ అనే ఆయన సిడ్నీకి వాయవ్యంగా ఒక లోతైన లోయలో కనిపెట్టాడు, అడవిలో పెద్ద చెట్లు వందలోపే, చోటు ఇప్పటికీ రహస్యం. అయినా 2005లో అక్కడి చెట్లలో వేరు కుళ్ళు తెగులు ఫైటాఫ్తోరా బయటపడింది, అనుమతి లేకుండా వెళ్ళినవాళ్ళ బూట్ల మట్టితో వచ్చిందని అనుమానం. ఎవరూ ఏమీ కొయ్యలేదు, తవ్వలేదు, వెళ్ళి చూసొచ్చారంతే. రహస్యంగా ఉంచితేనే ఇలా ఉంటే పిన్ పెట్టేస్తే ఎలా ఉండేది? కాబట్టి చెప్పేదేంటంటే జనం దగ్గర దాచండి, రికార్డు దగ్గర దాచకండి. కచ్చితమైన పాయింట్ ఆ ట్రైల్ చూసుకునే సిబ్బందికి, హెర్బేరియంకి (ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోటు), ఐనాచురలిస్ట్‌లో మసక పెట్టిన ఎంట్రీకి వెళ్ళాలి. అప్పుడు గడ్డి కోసేవాళ్ళకీ తెలుస్తుంది, మీ భయమూ తీరుతుంది.

మాక్రో_లెన్స్:
సిబ్బందికి చెప్పడం తప్పనిసరి అంటే నేను చాలావరకు మీ వైపే. చెప్పకుండా ఫొటో మాత్రం పెట్టుకుని లైకులు తీసుకోవడమే నాకు నచ్చనిది. కానీ కొత్తవాళ్ళు అడిగితే "చెప్పం" అని వదిలేయకండి, వెంట తీసుకెళ్ళి చూపించండి. ఎక్కడ అడుగు పెట్టాలో పక్కనుండి చూపిస్తే వచ్చే జాగ్రత్త ఏ పోస్టుతోనూ రాదు.

కొత్త_కెమెరా:
అన్నలూ అక్కలూ ఇదంతా చదివాక నాకు భయమేస్తోంది, నేను ఫోన్‌తో తీసి గ్రూపుల్లో పెట్టేస్తుంటా. లొకేషన్ నేను రాయకపోయినా వెళ్ళిపోతుందా? లొకేషన్ చెప్పకుండా ఫొటో పెడితే పేరు ఎలా చెప్తారు?

హెర్బేరియం_షీట్:
వెళ్ళిపోయే అవకాశం ఉందమ్మా. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫొటో ఫైల్ లోపల జీపీఎస్ అంకెలు రాసి ఉంటాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అవి పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు అంకెలతో సహా వెళ్తుంది. అందుకని అరుదైన మొక్క ఫొటో బయట పెట్టేముందు ఆ అంకెలు తీసేసిన కాపీ చేసుకో, అసలు ఫైల్ మాత్రం అలాగే దాచుకో, రికార్డుకి అది కావాలి. బ్యాక్‌గ్రౌండ్ కూడా ఒకసారి చూడు, వెనకాల ట్రైల్ నంబర్ రాయి, వంతెన, గుర్తుపట్టగలిగే కొండ కొన ఉంటే లొకేషన్ రాసినట్టే.

పేరు విషయానికొస్తే, ఏ ప్రాంతం, ఎంత ఎత్తు, ఏ నెల అని చెప్తే చాలావరకు సరిపోతుంది, కానీ ఫొటోలు సరిగ్గా ఉండాలి. అందరూ పువ్వుని ముందునుంచి ఒక్కటే తీసి పంపుతారు, దాంతో సగం మొక్కలు తేలవు. పువ్వుని పక్కనుంచి కూడా తియ్యి, వెనకనుంచి రక్షక పత్రాలు (రేకుల అడుగున ఉండే చిన్న ఆకుల్లాంటివి) కనబడేలా ఒకటి, ఆకులు కాడకి ఎదురెదురుగా ఉన్నాయా ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా తెలిసేలా ఒకటి, ఆకు అడుగు వైపు ఒకటి (తెంపకుండా, వేలితో మెల్లగా తిప్పి), నేల దగ్గరున్న ఆకులు ఒకటి, ఎందుకంటే పైన ఆకులూ కింద ఆకులూ చాలా మొక్కల్లో ఒకేలా ఉండవు. మొత్తం మొక్క దాని చుట్టూ ఉన్న నేలతో సహా ఒకటి. సైజు తెలియడానికి పక్కన నీ వేలు పెట్టు, చాలు. కాయ ఉంటే అది తప్పకుండా. ఇవి పంపు, పిన్ లేకుండానే చూసి చెప్తా.