ఇన్నోవా వెనుక డర్ట్ బైకు: హిచ్ క్యారియర్ కొనాలా, ట్రాలీ మాట్లాడుకోవాలా?

మియాపూర్ సభ్యుడు:
మా ఇంట్లో ఇన్నోవా క్రిస్టా ఉంది. ఈ మధ్య కవాసాకీ కేఎక్స్ 250 అనే డర్ట్ బైకు (మట్టిదారుల్లో మాత్రమే నడిపే బండి) తీసుకున్నాను. ఆ బండికి రిజిస్ట్రేషన్ ఉండదు కనుక రోడ్డు మీద నడపడానికి వీల్లేదు. వికారాబాద్ వైపు మిత్రుల పొలం వరకు దాన్ని మోసుకుని వెళ్లవలసిందే. కారు వెనుక హిచ్‌కు (ట్రైలర్ లాంటివి తగిలించే కొక్కెం అమరికకు) బిగించే క్యారియర్లలో ఉక్కుది ఒకటి, అల్యూమినియంది ఒకటి చూశాను. రెండింటి మీదా సుమారు 180 కిలోలు మోస్తాయని రాసి ఉంది. బండి బరువు 108 కిలోలే కాబట్టి ఏదైనా సరిపోతుందని, చవకగా వచ్చే ఉక్కుదే తీసుకోవచ్చని అనుకుంటున్నాను. అనుభవజ్ఞుల అభిప్రాయం కావాలి.

బాలానగర్ సభ్యుడు:
ఉక్కుదే తీసుకోండి. ఇంకా చెప్పాలంటే కొనవలసిన అవసరం కూడా లేదు. మా వైపు ఫ్యాబ్రికేషన్ షాపుల్లో 50 మిల్లీమీటర్ల చదరపు గొట్టంతో మీ కొలతలకు తగినట్టు చేసి ఇస్తారు. అల్యూమినియాన్ని వెల్డింగ్ చేసినప్పుడు అతుకు పక్కనున్న లోహం బలం తగ్గుతుంది. గతుకుల మీద మళ్లీమళ్లీ ఊగితే పగుళ్లు మొదలయ్యేది అక్కడే. ఉక్కు వంగితే కంటికి కనబడుతుంది, ఏ ఊళ్లోనైనా బాగుచేయించుకోవచ్చు. పైగా క్రిస్టాకు నిచ్చెన లాంటి ఛాసిస్ ఉంది. ఇన్నోవా హైక్రాస్‌లా బాడీయే ఛాసిస్‌గా ఉన్న కారు కాదు.

తార్నాక సభ్యురాలు:
వెల్డింగ్ గురించి బాలానగర్ మిత్రులు చెప్పినది నిజమే. అయితే చర్చ క్యారియర్ దగ్గర మొదలవడమే నాకు అభ్యంతరం. క్యారియర్ మీద రాసిన 180 కిలోలు ఆ క్యారియర్ ఓపిక మాత్రమే. కారుకు బిగించిన హిచ్ నిలువుగా ఎంత బరువు ఆపగలదన్నది వేరే లెక్క. టో బార్‌కు, అంటే హిచ్‌ను మోసే కడ్డీకి, ఉండే చిన్న రేకు మీద ‘ఎస్’ అనే అక్షరం పక్కన ఆ పరిమితి కిలోల్లో ఉంటుంది, కారు యజమాని పుస్తకంలోనూ వెతకవచ్చు. చాలా కార్లకు అది 75 నుంచి 100 కిలోల మధ్య ఉంటుంది. లాగే బరువు టన్నుల్లో ఉన్నా, కిందికి నొక్కే బరువు దానిలో చిన్న భాగమే. మీ బండి 108 కిలోలు, ఉక్కు క్యారియర్ ఇంచుమించు 40 కిలోలు, కలిపితే 148. అల్యూమినియందైతే 25 కిలోలు వేసుకుని 133. ఆ రేకు మీద 100 అని ఉంటే రెండూ పనికిరావు, 150 అని ఉంటే అల్యూమినియంకు కొంత వెసులుబాటు మిగులుతుంది, ఉక్కు అంచున నిలబడుతుంది. అందుకే ఆ 15 కిలోల తేడా ధరలోని తేడా కంటే ముఖ్యమైనదని నా వాదన.

బాలానగర్ సభ్యుడు:
రెండంగుళాల రిసీవర్ (క్యారియర్ గొట్టం లోపలికి దూరే చదరపు గొట్టం) బిగిస్తే సుమారు 270 కిలోలు ఆపుతుంది. మూడో వరుసలో ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుంటే ఆ 150 కిలోలు కారు మోయడం లేదా?

తార్నాక సభ్యురాలు:
రిసీవర్ ఆపినంత మాత్రాన దాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులూ, వెనుక ఇరుసూ, టైర్లూ అంత ఆపుతాయని అనుకోకూడదు. మూడో వరుసలో కూర్చున్నవారు దాదాపు వెనుక ఇరుసు మీదే ఉంటారు. క్యారియర్ మీది బండి ఆ ఇరుసుకు ఒకటిన్నర మీటర్ల వెనుక వేలాడుతుంది. క్రిస్టా ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2.75 మీటర్లు. 148 కిలోలను 1.5తో గుణించి 2.75తో భాగిస్తే ముందు చక్రాల మీద నుంచి సుమారు 80 కిలోలు తేలిపోతాయి, ఆ 80 కూడా వెనుక ఇరుసు మీదికే చేరి అక్కడ అదనపు బరువు దాదాపు 230 అవుతుంది. దానితో స్టీరింగు తేలికవుతుంది, హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివారి కళ్లలో పడతాయి. ఇది కదలని కారు లెక్క. మన కాలనీల స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరి పడినప్పుడు హిచ్ మీద పడే దెబ్బ ఇంతకంటే చాలా ఎక్కువ.

స్థానికంగా చేయించే గొట్టం విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. రెండంగుళాలంటే 50.8 మిల్లీమీటర్లు. 50 మిల్లీమీటర్ల గొట్టం అందులో వదులుగా ఆడుతుంది, ఆ కదలిక వల్ల పిన్ను రంధ్రాలు క్రమంగా పెద్దవవుతాయి. ఏ క్యారియర్ అయినా గొట్టాన్ని గట్టిగా బిగించి పట్టే క్లాంపు లేకుండా తీసుకోవద్దు.

కూకట్‌పల్లి సభ్యుడు:
వెడల్పు సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. బండి పొడవు సుమారు 2.18 మీటర్లు, క్రిస్టా వెడల్పు 1.83. రెండు పక్కలా జానెడు చొప్పున బయటికి వస్తుంది. మన రోడ్ల మీద పక్కనుంచి దూసుకువచ్చే ద్విచక్ర వాహనదారుడికి అది తగిలితే ఏమవుతుందో ఆలోచించండి. మోటారు వాహనాల చట్టం 194(1ఎ) సెక్షన్ ప్రకారం సరుకు అనుమతించిన హద్దు దాటి పక్కలకు గానీ వెనక్కు గానీ పొడుచుకు వస్తే 20,000 రూపాయల జరిమానా ఉంది. నంబరు ప్లేటు, బ్రేకు లైట్లు బండి వెనుక దాగిపోవడం మరో చిక్కు. ముందు చక్రం విప్పితే పొడవు తగ్గుతుంది కానీ అప్పుడు ఫోర్కును, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాలను, పట్టి ఉంచే ప్రత్యేక అమరిక కావాలి.

మియాపూర్ సభ్యుడు:
ఇప్పుడే కారు కిందికి వంగి చూశాను. రేకు మీద 100 అని ఉంది. అంటే అల్యూమినియం కూడా కుదరదు. పెద్ద రిసీవర్ వేయించుకోమని ఒక షాపు వారు ఫోనులో సలహా ఇచ్చారు.

తార్నాక సభ్యురాలు:
దయచేసి ఆ పని చేయకండి. రిసీవర్ మార్చినా కారు తయారీదారు పెట్టిన పరిమితి మారదు. మీ బండి బరువుకు టాటా ఏస్ ట్రాలీయే తగినది.

బాలానగర్ సభ్యుడు:
రేకు మీద 100 ఉంటే నేను కూడా క్యారియర్ వద్దనే అంటాను. 200 పైన ఉన్న కారుకు మాత్రం ఉక్కే మేలన్న మాట మీద నేను ఇంకా నిలబడుతున్నాను. ఏస్ తొట్టి పొడవు సుమారు ఏడడుగులే కనుక బండిని ఐమూలగా నిలపండి. హ్యాండిల్‌కు కాకుండా ఫోర్కు కింది క్లాంపుకు మెత్తని లూపులు వేసి రెండు రాచెట్ బెల్టులతో (మీట ఆడిస్తూ బిగించేవి) ముందుకు లాగండి, వెనుక మరో రెండు కట్టండి. ముందు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య చెక్క దిమ్మ పెడితే ఫోర్కు పూర్తిగా కుంగదు, ఆయిల్ సీళ్లు పాడవవు. చేవెళ్ల దాటాక ఒకసారి ఆగి బెల్టులు మళ్లీ బిగించండి. మొదటి గతుకులకే అవి వదులవుతాయి.