రీకన్సిలియేషన్ వీక్‌లో ఆ నాలుగు మాటలు మనం చదవాలా?

క్వీన్‌బియన్_కోడలు: కాన్‌బెర్రాలో ఫెడరల్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తున్నాను. మే 27 నుంచి జూన్ 3 దాకా రీకన్సిలియేషన్ వీక్ కదా, ఇక్కడి ఆదివాసులైన అబొరిజినల్ ప్రజలతో సయోధ్య కోసం జరిపే వారం, బ్రాంచి మీటింగ్‌లో అక్నాలెడ్జ్‌మెంట్ నన్ను చదవమంటున్నారు. ఈ నేల నన్నవాల్ అనే అబొరిజినల్ ప్రజలదని మొదట్లో చెప్పే నాలుగు మాటలు. ఏటా చదివే అబొరిజినల్ కొలీగ్ ఈసారి నా వల్ల కాదంది. మొన్న మొన్న వచ్చినవాళ్లం, మనం చదివితే బాగుంటుందా?

ఏపీఎస్_హైదరాబాదీ: చదవకండి. ఒట్టి తంతు. 2023 అక్టోబర్ 14న వాయిస్ రెఫరెండంలో 60 శాతం మంది వద్దన్నారు. జనం వద్దన్నదాన్ని ఆఫీసులో మన నెత్తిన రుద్దుతున్నారు.

పాడేరు_కాఫీ: వాయిస్ అంటే పార్లమెంటుకు సలహా చెప్పే ఆదివాసుల సంఘాన్ని రాజ్యాంగంలో చేర్చడం. దానికీ మీటింగ్‌లో నాలుగు మాటలకీ సంబంధమేంటండీ? పైగా మన ఏసీటీలో, అంటే కాన్‌బెర్రా ఉన్న టెరిటరీలో, అవునన్నవాళ్లే ఎక్కువ.

ఏపీఎస్_హైదరాబాదీ: ఏసీటీ అంటేనే గవర్నమెంటు ఉద్యోగులు. అలాగే ఓటేస్తారు.

సిడ్నీ_శీను: వెల్‌కమ్ టు కంట్రీ అనే స్వాగతమైతే ఆ నేలవాళ్లే చెప్పాలి. అక్నాలెడ్జ్‌మెంట్ ఎవరైనా చెప్పొచ్చు. అయిపోయింది కదా.

పాడేరు_కాఫీ: అవలేదు. ఆమె ఎందుకు వద్దందో ఎవరైనా అడిగారా?

క్వీన్‌బియన్_కోడలు: అడిగాను. బ్రాంచిలో ఆమె ఒక్కతే. సయోధ్య కోసం ఆఫీసు ఏం చేస్తుందో రాసుకునే రీకన్సిలియేషన్ యాక్షన్ ప్లాన్ డ్రాఫ్ట్ వస్తే ఆమె బల్ల మీదికే. పోస్టర్ మీద బొమ్మ పరవాలేదా అని ఆమెనే అడుగుతారు. అబొరిజినల్ సంస్కృతి వేడుకల నైడాక్ వీక్ టీకి లామింగ్టన్ కేకులు ఎవరు తెస్తారన్నా అందరూ ఆమె వైపే చూస్తారు. ఇదంతా పర్ఫార్మెన్స్ రివ్యూలో ఒక్క లైను కూడా ఉండదు. సొంత ఫైళ్లు ముట్టుకునేసరికి సాయంత్రం అవుతుంది.

ఏపీఎస్_హైదరాబాదీ: పని అందరికీ ఎక్కువే. ఉద్యోగం ఇచ్చేటప్పుడు మాత్రం? ఈఎల్1 ప్రమోషన్‌కి మెరిట్ పూల్‌లో, అంటే అర్హుల జాబితాలో, ఉండి ఎదురుచూస్తుంటే, ఆ పోస్టును అఫర్మేటివ్ మెజర్ కింద, అంటే అబొరిజినల్ వాళ్లకే అని, మళ్లీ ప్రకటించారు. ఇక్కడికొచ్చినా రిజర్వేషన్లేనా?

పాడేరు_కాఫీ: ఇదన్నమాట సంగతి! ఇంతసేపూ రెఫరెండం దేనికి? 2030కల్లా ఫస్ట్ నేషన్స్ (ఆదివాసీ) ఉద్యోగులు ఫెడరల్ సర్వీసులో 5 శాతం ఉండాలన్నది ప్రభుత్వ లక్ష్యం. ఇప్పుడున్నవాళ్లలో ఎక్కువమంది కింది స్థాయిల్లోనే. వాళ్లు పైకొస్తే మీకు కష్టం.

ఏపీఎస్_హైదరాబాదీ: పోస్టు పోయింది నాది. నీకేం తెలుసు?

పాడేరు_కాఫీ: తెలుసు. మా అమ్మ ఏజెన్సీలో టీచరు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3 తో వచ్చిన ఉద్యోగం. అంతకుముందు వాళ్ల ఊరి పంతులు సోమవారం మధ్యాహ్నం దిగి, శుక్రవారం పొద్దున్నే బస్సెక్కేవాడట. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవో కొట్టేసింది. ఉన్న ఉద్యోగాలు పోలేదు. కానీ ఆ రోజు టీచర్ల వాట్సాప్ గ్రూపులో స్వీటు బొమ్మలు పెట్టింది ఎవరనుకున్నావు? అమ్మతో రోజూ టిఫిన్ బాక్సు పంచుకున్నవాళ్లే.

ఏపీఎస్_హైదరాబాదీ: నూటికి నూరు చెల్లదని కోర్టే అంది కదా! నేను చదువు, అనుభవం చూసి ఇచ్చే వీసా పాయింట్ల మీద వచ్చాను, ఎవరి నేలా లాక్కోలేదు. లాక్కున్న బ్రిటిష్ వాళ్లు మనల్నీ దోచారు. వాళ్ల బాకీ నా ప్రమోషన్‌లోంచి ఎందుకు కట్టాలి?

సిడ్నీ_శీను: వైట్ ఆస్ట్రేలియా పాలసీ 1973లో పూర్తిగా పోయింది కాబట్టి నీ పాయింట్లు లెక్కలోకొచ్చాయి బ్రదర్.

పాడేరు_కాఫీ: బాకీ బ్రిటిష్ వాళ్లదొక్కటేనా? క్వీన్స్‌లాండ్‌లో అబొరిజినల్ కార్మికుల జీతాలు ప్రభుత్వమే తన దగ్గర పెట్టుకుంది. 19 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్‌కు ఒప్పుకున్నది 2019లో. నీ పోస్టు మార్చింది మీ డైరెక్టరు. ఆయన్ని అడగవు, అడిగితే వచ్చే ఏడాదీ రాదని భయం.

మోడరేటర్: ఇద్దరూ ఏకవచనం మానండి. ఇంకోసారైతే త్రెడ్ మూసేస్తాం.

క్వీన్‌బియన్_కోడలు: మేనేజర్‌తో మాట్లాడాను. నేను చదువుతాను, కానీ యాక్షన్ ప్లాన్ పనిని ఆమె డ్యూటీలో రాసి, ఆ మేరకు ఫైళ్లు తగ్గించమన్నాను. చూద్దాం అన్నాడు.

ఏపీఎస్_హైదరాబాదీ: ఆ ఫైళ్లు ఎవరి మీద పడతాయో కూడా అడిగారా?

క్వీన్‌బియన్_కోడలు: నా మీదే పడతాయి. మీకెందుకండీ టెన్షన్?